ఆషాఢంలో ఒకరికే వేసిన సూది

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ముందుగా ఒక మాట. గది బయట బెంచీ మీద ఒక మగమనిషి తల వంచుకోని కూర్చోనున్నాడంటే, వాడి పక్కన మీకు కనబడని ఇంకొక మనిషి కూడా కూర్చోనుందని అనుకోండి. ఆ మనిషికి తనకు రోగముందని తెలియదు. ఆమెను ఎట్లా పిలిపించాల, వచ్చినాక ఏం చెప్పాల, ఏం చెప్పకూడదు, అదే ఈ పని. సూది వేయడం ఎవరికైనా వస్తుంది.

నేను చిత్తూరులో ఒక ఆస్పత్రిలో సుఖరోగాల గదికి ఆయాగా పోయినాను. అది డెబ్బైల నాటి మాట. రిటైరయ్యేనాటికి ఆడవాళ్ళ గది నా చేతిలో ఉండింది. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కినానో రాయను, దాంతో ఎవరికీ పని లేదు. అక్షరాలు నాకు నడివయసులో వచ్చినాయి. వార్డు సిస్టరమ్మ ఒకామె మందుసీసాల మీది పేర్లు చూపించి నేర్పించింది. కాబట్టి ఈ రాతలో సోకులుండవు. మనుషుల పేర్లు మాత్రం మార్చినాను.

ఎనక గది

మా గది ఆస్పత్రికి ఎనకవైపు, బట్టలుతికే తొట్ల పక్కన ఉండేది. గుండెజబ్బు వాళ్ళు ముందు వాకిలి నుంచి వచ్చేవాళ్ళు. మావాళ్ళు ఎనక గేటు నుంచి, తలకు తువ్వాలు చుట్టుకోని వచ్చేవాళ్ళు. పేరడిగితే సగం మంది దేవుడి పేరే చెప్పేవాళ్ళు. ఒకరోజు నేను వాకిట్లో నిలబడి "ఎంకటేశులూ" అని పిలిస్తే బెంచీ బెంచీ అంతా లేచి నిలబడింది. వాళ్ళూ నవ్వినారు, నేనూ నవ్వినాను. ఆ గదిలో నవ్వు అంత సులువుగా దొరికేది కాదు.

ఎక్కువగా వచ్చేది సెగ. మగవాడికి ఒంటికి పోసేటప్పుడు మంట, చీము. పంచకు మరకలు పడతాయి. దాచుకోలేక పరుగెత్తుకోని వస్తాడు. ఆడమనిషికి చానాసార్లు ఏమీ తెలియదు. లోపలుండి పైకి పాకుతుంది. పొత్తికడుపులో నొప్పి, జ్వరం వచ్చేటప్పటికి ఆలస్యం అయిపోయుంటుంది. ఈ తేడా తెలియకుండా ఎవరూ ఈ గదిలో అడుగు పెట్టవద్దు.

"మీ ఆమెను పిల్చుకోని రాప్పా" అంటే, "ఆమెకేమీ లేదు సార్, రాయి మాదిరి ఉండాది" అనేవాళ్ళు. పిల్చుకోని రాలేనని కాళ్ళావేళ్ళా పడితే కొందరికి మాత్రలు కట్టి ఇచ్చేవాళ్ళం, ఇంట్లో ఇమ్మని. ఒక లారీ డ్రైవరు మళ్ళీ వచ్చినప్పుడు నేనడిగినాను.

"ఏమప్పా, మీ ఇంట్లో మాత్రలు మింగిందా?"

"ఆమెకు జబ్బే లేదు గదక్కా. దండగ ఎందుకని నేనే మింగేసినా. రెండు పాళ్ళు పడితే బిరీన తగ్గుతుంది గదా."

"తగ్గిందా?"

"తగ్గింది. మళ్ళీ వచ్చింది."

అతనికి మళ్ళీ సూది వేసినాము. ఆమెకు లేదు. ఒక గదిలో నీళ్ళు తోడి పక్క గదిలో వదిలిపెట్టినట్టు ఉండేది మా వైద్యం.

డాక్టరు నోరు

మా పెద్దడాక్టరు చెయ్యి మంచిది. సూది వేస్తే పసిబిడ్డ కూడా ఏడ్చేది కాదు. నోరు మాత్రం మంచిది కాదు. తిట్టడం కూడా మందులో భాగమేనని ఆయన నమ్మకం. సిగ్గు తెచ్చుకుంటే మళ్ళీ సానిండ్లకు పోడని అనుకునేవాడు. ఇది తప్పని నా అభిప్రాయం, ఆయన ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. తిట్లు తిన్న మనిషి మళ్ళీ పోకుండా ఉంటాడో లేదో గానీ, మళ్ళీ నిజం మాత్రం చెప్పడు.

అట్లని ఆయన్ను తీసిపారేసేది లేదు. తప్పు తెలిసినప్పుడు ఆయన చేసిన పని ఇంకే డాక్టరూ చేయగా నేను చూడలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

దామోదరం

మామిడికాయల కాలం చివర్లో దామోదరం అని ఒక అబ్బాయి వచ్చినాడు. వాళ్ళ మేనమామ మండీలో పని. లోడు ఎక్కించుకోని మద్రాసుకు పోయి, అమ్మి వచ్చేవాడు. ముఖంలో పెండ్లి కళ ఇంకా పోలేదు. సెగ.

"పెండ్లయిందా?" అన్నాడు డాక్టరు.

"అయింది సార్, వైశాఖంలో."

"పెండ్లాం యాడుండాది?"

"పుత్తూరులో సార్. పుట్టింటికి పోయింది. ఆషాఢం గదా."

"బతికింది పో" అన్నాడు డాక్టరు. మేమంతా తలలూపినాము.

మా పక్క కొత్త కోడలు ఆషాఢమాసం అత్తగారింట్లో ఉండదు. తండ్రో అన్నో వచ్చి పిల్చుకోని పోతారు, శ్రావణంలో మొగుడు పోయి తెచ్చుకుంటాడు. అందరికీ తెలిసిన ఆచారం. అందుకే మాలో ఒక్కరికీ ఇంకొక ప్రశ్న తట్టలేదు. పెండ్లాం ఊర్లో లేదు, కాబట్టి ఆమెకు భయం లేదు, అంతే అనుకున్నాం. ఆమె పోకముందు సంగతేమని ఎవరూ అడగలేదు. దామోదరానికి సూది వేసినాము, తగ్గింది, నమస్కారం పెట్టి పోయినాడు.

శ్రావణం నడుస్తుండగా మళ్ళీ వచ్చినాడు. అదే రోగం.

డాక్టరుకు కోపం నషాళానికి ఎక్కింది. "ఏంరా, ఒక్క ఆషాఢం ఓర్చుకోలేకపోయినావా? పెండ్లాం లేని నెలలో ఎన్నిసార్లు పోయినావు మద్రాసుకు?"

"పోలేదు సార్. మా అమ్మ తోడు, ఈసారి యాడికీ పోలేదు."

"అమ్మ మీద ఒట్టు పెట్టి అబద్ధం చెప్తావా? మరి ఇది ఆకాశం నుంచి పడిందా?"

బెంచీ మీదోళ్ళు నవ్వినారు. ఆ అబ్బాయి ముఖం మాడిపోయింది. సూది వేయించుకోని, గోడ పక్కగా నడిచి పోయినాడు. ఆ అబ్బాయి చెప్పింది నిజం. ఆ గదిలో దాన్ని నమ్మినోళ్ళు ఒక్కరూ లేరు.

ఆ సూదీ పనిచేసింది. మళ్ళీ కొన్నాళ్ళకు చీము వచ్చింది. ఈసారి అతను మా దగ్గరికి రాలేదు. ఎందుకొస్తాడు? నాటుమందు తిన్నాడని తర్వాత తెలిసింది.

సరోజమ్మ కోడల్ని తెచ్చిన రోజు

ఒకరోజు పొద్దున ఎనక గేటు నుంచి కాకుండా ముందు వాకిలి నుంచే ఒక పెద్దామె వచ్చింది. తలెత్తుకోని వచ్చింది. ఎనకాల ఒక పిల్ల, కడుపు పట్టుకోని, ఒక్కో అడుగు ఆలోచించి వేస్తూ. ఆ ఎనకాల దామోదరం. ఆ పెద్దామె దామోదరం వాళ్ళమ్మ సరోజమ్మ, నాకు తెలిసిన మనిషే. మా సందుకు పక్క సందులో వాళ్ళ ఇల్లు.

"మే చెంగమ్మా, మీ డాక్టరును పిలువు" అంది. "ఈ పిల్లను సూపించల్ల."

డాక్టరు వచ్చినాడు. సరోజమ్మ గొంతు తగ్గించలేదు.

"సామీ, నా బిడ్డ ఆషాఢమంతా బంగారం మాదిరి ఉన్నాడు. ఈ మహాతల్లి పుట్టింటి నుంచి వచ్చింది, వచ్చిన కొన్నాళ్ళకే వాడి పంచకు మరకలు. నేనే ఉతికినా, నాకు తెల్దా? యాడ తెచ్చుకుందో, నా కొడుక్కు అంటించింది. మీరు సూసి చెప్పండి, ఆ మాట పట్టుకోని పుత్తూరుకు పంపించేస్తా. దాని పెట్టె సర్ది వాకిలి తిన్నె మీద పెట్టే వచ్చినా. వాళ్ళ నాయనకు కబురు కూడా పంపించినా."

అర్థమైందా? మొదటిసారి రోగమొచ్చింది ఆమెకు తెలియదు. ఆ మరకలు కొడుకు మండీలోనే ఉతుక్కున్నాడు. ఆమె చూసింది శ్రావణంలో. కోడలు లేనప్పుడు కొడుక్కు రోగం లేదు, వచ్చినాక వచ్చింది. ఆమె లెక్క ఆమెకు సరిపోయింది. ఆ సందు సందంతా ఆ లెక్కే వేసింది.

డాక్టరు పిల్లను అడిగినాడు. ఆ పిల్ల పేరు సుగుణ.

"నొప్పి ఎప్పటి నుంచమ్మా?"

"పుత్తూరులో ఉన్నప్పటి నుంచి సార్. పోయిన రొన్నాళ్ళకే మొదలైంది. దిష్టి అని మా అమ్మ ఎర్రనీళ్ళు తీసింది."

"ఇన్నారా సామీ, ఇన్నారా!" సరోజమ్మ చేతులు తట్టింది. "దాని నోటితోనే వచ్చింది. పుట్టింట్లోనే పట్టుకుంది. ఇంకేం కావాల?"

 డాక్టరు సుగుణ వైపు చూసినాడు, తర్వాత వాకిట్లో నిలబడిన దామోదరం వైపు చూసినాడు. ఆ ఒక్క మాట సరోజమ్మకు ఒకవైపు చూపిస్తే, ఆయనకు ఇంకొకవైపు చూపించింది. పుట్టింటికి పోయిన రెండు రోజులకే నొప్పంటే, పిల్ల అత్తగారింట్లో ఉన్నప్పుడే, జ్యేష్ఠంలోనే, రోగం ఆమె లోపలికి పోయింది. మొగుడికి మేము నయం చేసినాము, ఆమెకు చేయలేదు. శ్రావణంలో ఆమె తిరిగొచ్చి, మొగుడిచ్చిందే మొగుడికి తిరిగిచ్చింది. దామోదరం యాడికీ పోలేదన్నాడు. పోలేదు. ఇంట్లోనే పట్టుకుంది.

సూది వద్దన్న పిల్ల

పరీక్ష చేసినారు, సెగే. జ్వరం కూడా ఎక్కువగా ఉంది. వెంటనే మొదలుపెట్టి, జ్వరం దిగేదాకా రోజూ వేయాలన్నాడు డాక్టరు. పెన్సిలిన్ వేసే ముందు ముంజేతి మీద ఒక చుక్క వేసి చూడాల, కొందరికి పడదు. నేను సుగుణను ఆడవాళ్ళ గదిలో కూర్చోబెట్టి, చెయ్యి చాపమన్నాను.

చెయ్యి చాపలేదు. కొంగులో దాచుకుంది.

"భయమా తల్లీ? చీమ కుట్టినట్టే ఉంటుంది."

"భయం కాదు పెద్దమ్మా. ఇది ఆ రోగానికి వేసే సూదే గదా?"

"అవును."

"వేసుకుంటే నేనొప్పుకున్నట్టే గదా?"

నేను సూది పళ్ళెంలో పెట్టేసినాను.

"నేను తెచ్చుకున్నానా, నాకు వచ్చిందా? ఆ ఒక్కటి చెప్పు. చెప్తే వేసుకుంటా."

"మందు ఎట్లయినా ఒకటే తల్లీ. ఎవరు ముందు ఎవరు ఎనక అనేది మందుకు అక్కర్లేదు."

"మందుకు అక్కర్లేదులే. మా నాయన సాయంత్రానికి వస్తాడు. ఆయనకు ఏం చెప్పాల నేను?"

ఎవరు ముందని అడగకూడదు, ఒకరి రోగం ఇంకొకరికి చెప్పకూడదు. ఈ గదికి అది నియమం. మంచి నియమమే. అది లేకపోతే ఎనక గేటు నుంచి కూడా ఎవరూ రారు. ఆ రోజు మాత్రం ఆ నియమం ఆ పిల్ల గొంతు మీద కాలు పెట్టినట్టు ఉండింది. ఒళ్ళు కాలిపోతా ఉంది, పండ్లు టకటకా కొట్టుకుంటా ఉన్నాయి, చెయ్యి మాత్రం ఇవ్వదు. నాకు తెలుసు, డాక్టరుకు తెలుసు. చెప్పే హక్కు ఇద్దరికీ లేదు. చెప్పగలిగినోడు వాకిట్లో గోడకు ఆనుకోని కాలివేళ్ళు చూసుకుంటున్నాడు.

నేను బయటికొచ్చి డాక్టరుకు చెప్పినాను, సూది వేసుకోదంట, ఇదీ కారణమని. ఆయన దామోదరాన్ని లోపలి గదికి పిలిచి తలుపు వేసినాడు. నన్ను ఉండమన్నాడు.

తిడతాడనుకున్నాను. ఆ అబ్బాయి కూడా అట్లే అనుకున్నాడు, భుజాలు ముందుగానే ముడుచుకున్నాడు.

"దామోదరం" అన్నాడు డాక్టరు. "ఆషాఢంలో యాడికీ పోలేదన్నావు. అది నిజమేనప్పా. నేను నమ్మలేదు. నలుగురిలో నవ్వులపాలు చేసినాను. తప్పు నాది. నన్ను క్షమించు."

ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. దామోదరం తలెత్తి చూసినాడు. కొరడా దెబ్బకు కూడా ఉలకని ఎద్దు మెడ మీద చెయ్యి వేస్తే కన్నీళ్ళు పెట్టినట్టు, గోడకు జారి కూర్చోని ఏడ్చినాడు.

"పోలేదు సార్. ఆషాఢంలో పోలేదు. జ్యేష్ఠంలో పోయినా. మార్కెట్టులో సావాసగాళ్ళు లాక్కోని పోయినారు. ఒక్కసారే సార్."

"అది నాకు చెప్పక్కర్లేదు" అన్నాడు డాక్టరు. "పక్క గదిలో ఒక పిల్ల జ్వరంతో మందు వద్దంటా ఉంది. కారణం నువ్వు చెప్పాల. నేను చెప్పకూడదు."

"మా అమ్మ ఆడనే ఉండాది సార్. అమ్మకు తెలిస్తే నేను సచ్చిపోతా."

నేను ఊరుకోలేకపోయినాను. "నువ్వు సావవులే నాయనా. సిగ్గుతో ఎవరూ సావరు. ఆ పిల్లకు లోపల చీము పట్టి ఉంది. సచ్చేదెవరో చూసుకో" అన్నాను. కటువుగానే అన్నాను. ఇప్పుడైనా అట్లే అంటాను.

పోయినాడు. సుగుణ ముందర నిలబడినాడు. సరోజమ్మ పక్కనే స్టూలు మీద కూర్చోనుంది.

"నువ్వు తెచ్చింది కాదు" అన్నాడు. "నేనిచ్చినా. ఆషాఢానికి ముందే. నేను ఈడికొచ్చి సూది వేయించుకున్నా. నీకు చెప్పలేదు."

 సరోజమ్మే ముందు నోరు తెరిచింది.

"మగపిల్లోడు గదా. సావాసాలు అట్లాంటివి. ఎవరి కండ్లో పడినాయి..."

ఇప్పుడే కోడల్ని ఊరొదిలించబోయిన నోరది. అదే రోగం కొడుకుదని తెలిసేసరికి సావాసాల మీదికి, కండ్ల మీదికి పోయింది. నా పనికాలమంతా ఈ మాట ఎన్ని నోళ్ళలో విన్నానో. సెగకు మందు కనిపెట్టినారు, దీనికి లేదు.

 సుగుణ కొంగులో నుంచి చెయ్యి తీసి నా ముందర చాపింది.

"వెయ్యి పెద్దమ్మా." తర్వాత మొగుడి వైపు చూపించి అంది. "ఆయనకు కూడా ఈపొద్దే వేయండి. ఈడనే. నేను సూడల్ల."

ఆడవాళ్ళ గదిలో మగవాడికి సూది వేయడం మా ఆస్పత్రిలో లేని పని. డాక్టరు దామోదరం చొక్కా చేతిని ఆయనే పైకి మడిచి ముంజేతికి చుక్క వేసినాడు. ఇద్దరి చేతులూ ఒక బల్ల మీద పక్కపక్కన పెట్టి, పడిందా లేదా అని కాచుకోని కూర్చున్నాము.

మీకు చెప్పేది

ఆ రోజు తర్వాత మా పద్ధతి మారింది. "పెండ్లాం ఉందా" అని అడగడం మానేసినాము. "ఈ మధ్య కలిసున్నదెవరు, ఇప్పుడు యాడున్నారు, పోకముందు సంగతేంది" అని అడిగేవాళ్ళం. ఊర్లో లేదంటే వదిలిపెట్టలేదు. ఇద్దరికీ ఒకే రోజు వేసేవాళ్ళం, కుదరకపోతే ఇద్దరికీ అయ్యేదాకా దూరంగా ఉండమని చెప్పేవాళ్ళం. చిన్నిల్లు ఉంటే ఆ ఇంటామెను కూడా రమ్మనేవాళ్ళం, ఆమెకూ ఇదే మర్యాద. మళ్ళీ వచ్చినోడిని మళ్ళీ పోయినావా అని అడగవద్దు. ముందు, ఇంట్లో మందు పడిందా అని అడగండి. డాక్టరు కూడా తిట్టడం తగ్గించినాడు. పూర్తిగా మానలేదు, మనిషి గదా.

సుగుణ ఏమైందని అడుగుతారు. జ్వరం దిగింది, నొప్పి పోయింది, రోగం పోయింది. కాన్పు మాత్రం కాలేదు. మందు పడేటప్పటికే లోపల జరగాల్సింది జరిగిపోయింది. తొలి ఆషాఢంలోనే పుత్తూరుకు ఒక కబురు పంపించుంటే ఏమయ్యేదో చెప్పలేను. ఈ పనిలో మీరు ఆలస్యం చేసినదానికి మూల్యం చెల్లించేది ఎప్పుడూ బెంచీ మీద కనబడని మనిషే.

పెట్టె

ఆ సాయంత్రం నేను డ్యూటీ దిగి ఇంటికి పోతూ వాళ్ళ సందులో నుంచి నడిచినాను. కావాలనే పోయినాను. తిన్నె మీద ట్రంకుపెట్టె అట్లే ఉంది. ఎదురింటి ఆడవాళ్ళు బియ్యం ఏరే నెపంతో వాకిళ్ళలో కూర్చోనున్నారు. పుత్తూరు నుంచి సుగుణ వాళ్ళ నాయన వచ్చి, చెప్పులు విడవకుండా వీధిలోనే నిలబడినాడు. సుగుణ జ్వరపు ముఖంతో గడప బయట నిలబడి ఉంది, లోపలికి పోలేదు.

"రామ్మా, గాలి తగులుతాది" అని సరోజమ్మ లోపలి నుంచి పిలిచింది. గొంతు పొద్దుటిది కాదు.

దామోదరం గడప దిగి పెట్టె ఎత్తబోయినాడు.

"నువ్వు ముట్టొద్దు" అంది సుగుణ. తర్వాత అత్త వైపు తిరిగింది. "అత్తా, అందరూ సూస్తుండగా నువ్వే బయట పెట్టినావు. నువ్వే లోపల పెట్టు. లేదంటే మా నాయన మోసుకోని పోతాడు."

 ఎదురింట్లో చేట చప్పుడు ఆగిపోయింది. సరోజమ్మ కొంగు నడుముకు దోపుకోని బయటికొచ్చింది. పెట్టె బరువుగా ఉంది, ఎత్తలేకపోయింది. రెండు చేతులతో పట్టి ఈడ్చింది. తిన్నె రాతి మీద ఇనుప పెట్టె గీసుకునే చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. అది గడప దాటేదాకా సుగుణ కదలలేదు. దాటినాక, వీధిలో నిలబడిన వాళ్ళ నాయన చెప్పులు విడిచినాడు.